కిటుకుల కారు

డాష్‌బోర్డును గుద్ది మణికట్టు విరగ్గొట్టుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? టైలరమ్మ రోజూ చూస్తుంది. ఆ మహానుభావుడు ఆవిడ మొగుడే. సర్వే ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆఫీసులో ఏం పేరు సంపాదించాడో గాని, వీధిలో మాత్రం అందరూ ఆయన్ని కిటుకుల మాస్టారంటారు. ఆ పేరు తెచ్చిపెట్టింది ఇరవై రెండేళ్ల వయసున్న బూడిదరంగు కారు.

ఆ కారులో కిటుకు లేనిదే ఏ పనీ జరగదు. హెడ్‌లైట్లు వెలగాలంటే స్విచ్చి నొక్కితే చాలదు, డాష్‌బోర్డుకు కుడిపక్కన పిడికిలితో ఒక్కటివ్వాలి. బ్రేకు తొక్కితే వైపరు అద్దం మీద ఒకసారి ఊగి పడుకుంటుంది. ఎడమ ఇండికేటరు వేస్తే రేడియో గొంతు పడిపోతుంది. హారన్ మోగాలంటే స్టీరింగును కాస్త కుడికి తిప్పి పట్టుకోవాలి. ఎడమకు తిరిగేటప్పుడు ఎవరైనా అడ్డొస్తే అది వాళ్ల అదృష్టం. మూడేళ్లుగా బ్రేకు కూడా ఒక్క తొక్కుకు పడటం మానేసింది. రెండు తొక్కులు ఖాళీగా పోయి మూడోదానికి పడుతుంది. 'బ్రేకు చూసుకోండిరా బాబూ' అని ఎర్రదీపం ఒకటి మొత్తుకునేది. మాస్టారు దాని మీద నల్ల టేపు అంటించాడు. దీపం కనబడకపోతే రోగం కుదిరినట్టేనట.

ఇంతా చేసి సీటు కవర్లు మాత్రం ఏటా కొత్తవి. స్టీరింగుకు తోలు తొడుగు కూడాను. పైన పటారం, లోన లొటారం. బ్రేకులో వేసే రబ్బర్లు ఆ తొడుగు కన్నా చవకని ఆయనకు తెలియదా? తెలుసు. కాని రబ్బర్లు ఎవరికి కనబడతాయి?

ఎవరైనా కారెక్కితే ఆయన సంబరం చూడాలి. గుద్దేవాడు, తిప్పేవాడు, మూడుసార్లు తొక్కేవాడు. "చూశారా? దీనికి చెయ్యి తెలియాలండీ. తయారుచేసిన వాడొచ్చినా నడపలేడు" అని మీసం దువ్వేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

టైలరమ్మకు ఇది మొదటినుంచీ ఒళ్లుమంట. పందొమ్మిదో ఏట కాలిమిషను ముందు కూర్చున్న మనిషి ఆవిడ. ముప్పై ఎనిమిదేళ్లుగా ముందు గదిలో బడి యూనిఫాంలు కుడుతోంది. ఆ మిషను ఇంకా దారం తెంపకుండా నడుస్తోందంటే దానికి కారణం శనివారం శనివారం వేసే నాలుగు నూనె చుక్కలు, బొచ్చు దులిపే చిన్న బ్రష్షు. "కుట్టు తప్పితే మిషన్ని ఎవరైనా కొడతారటండీ? దారం ఎక్కడ చిక్కిందో చూస్తారు గాని!" అని ఎన్నిసార్లో చెప్పింది. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు. ఆవిడ చెప్పింది, గిల్లింది కూడా.

పదకొండేళ్ల కిందట ఆవిడ డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి, మొదటి పరీక్షలోనే లైసెన్సు తెచ్చుకుంది. తెచ్చుకుని గుండీల డబ్బాలో దాచుకుంది, ఎందుకంటే వాడుకునే యోగం పట్టలేదు. కారు తాళం తలుపు పక్కనే కొక్కేనికి వేలాడుతుండేది. చెయ్యి చాచినప్పుడల్లా ఒకటే మాట: "నీకు దీని కిటుకులు తెలీవే. ఎక్కడో గుద్దేస్తావ్." బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని వానలో నడిచిన రోజుల్లోనూ అదే మాట.

ఆరేళ్ల కిందట మాస్టారు నాలుగు రోజుల ఆఫీసు క్యాంపుకు వెళ్లినప్పుడు, పొద్దున్నే ఫోనొచ్చింది. అక్క ఆస్పత్రిలో ఉంది, నిన్నే అడుగుతోంది, వెంటనే రా అని. గంట ప్రయాణం. కారు షెడ్డులో ఉంది, తాళం కొక్కేనికి ఉంది. టైలరమ్మ వెళ్లి సీట్లో కూర్చుంది. బ్రేకు మీద కాలు పెట్టగానే ఎదురుగా వైపరు దానంతటదే ఊగింది. ఏది ఎక్కడ గుద్దాలో, ఏది ఎటు తిప్పాలో ఒక్కటీ తెలియదు. దిగి, షెడ్డు తలుపు వేసి, రెండు బస్సులు మారి వెళ్లింది. వెళ్లేసరికి అక్క ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆ దుఃఖంలో కూడా ఆవిడ తన్నే తిట్టుకుంది, 'నాకే చేతకాలేదు' అని.

సరే, మణికట్టు సంగతికి వద్దాం. మొన్నామధ్య ఒక సాయంత్రం హెడ్‌లైట్లు మొండికేశాయి. మాస్టారు ఒకటిచ్చాడు, రెండిచ్చాడు. అయిదోదానికి మణికట్టు పుటుక్కుమంది. లైట్లు మాత్రం వెలగలేదు. ఆరువారాల కట్టు.

ఆయన చెయ్యి విరిగితే ఆయన ఖర్మ. కాని నష్టపోయేది మనవరాలు. తొమ్మిదేళ్ల పిల్ల, బడి మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక మోకాలు వంగడం లేదు. మంగళవారం, శుక్రవారం ఊరికి అవతలి చివరున్న ఆస్పత్రిలో వ్యాయామం చేయించాలి. "మధ్యలో మానేశారో, మోకాలు అలాగే బిగుసుకుపోతుంది" అని డాక్టరు ముందే చెప్పింది. కూతురికి ఫ్యాక్టరీలో షిఫ్టు. బిగుసుకున్న కాలితో పిల్ల బస్సు మెట్లెక్కలేదు. టాక్సీ అంటే కూతురి జీతం అంతా దానికే పోతుంది.

"ఎందుకే కంగారు? నువ్వు తిప్పు, నేను పక్కన కూర్చుని చెబుతాను" అన్నాడు మాస్టారు. హెడ్ గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎడంచేత్తో కష్టపడి, నంబర్లు వేసి, పద్నాలుగు కిటుకులు కాగితం మీద రాసిచ్చాడు. టైలరమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. తొమ్మిదో నంబరు దగ్గర ఆగింది. 'వెనక సీటు బెల్టు పట్టదు. పిల్ల కూర్చుంటే ముడి వేయవలెను.'

"ముడా?" అంది.

"గట్టి ముడేనే. ఏం కాదు."

"పిల్లండీ అది! బట్టల మూట కాదు!"

కాగితాన్ని మడిచి మిషను సొరుగులో పడేసి, కొక్కేనికున్న తాళం తీసుకుంది. మూడేసి తొక్కులు తొక్కుకుంటూ, నడక వేగంతో, రెండు వీధుల అవతలున్న మెకానిక్కు షెడ్డుకు పోనిచ్చింది. వెనకాల మాస్టారు గేటు దగ్గర నిలబడి కేకలేస్తూనే ఉన్నాడు, "పదకొండో నంబరు! పదకొండో నంబరు మర్చిపోకు!" అని. పదకొండో నంబరు ఏమిటో ఆవిడ చదవనే లేదు.

మెకానిక్కు బానెట్టు ఎత్తి, ఒక వైరు పట్టుకుని, అది బాడీకి బిగించినచోట వేలు పెట్టాడు. తుప్పు రాలింది.

"ఇదమ్మా మీ కిటుకుల పుట్ట. కరెంటు వెళ్లాక తిరిగి రావడానికి దారి ఇదే. ఇది మూసుకుపోయింది, అందుకని గోడలు దూకుతోంది. వెనకున్న బ్రేకు దీపానికి వెళ్లింది వైపరులోంచి తిరిగొస్తోంది."

"దీనికి మందేంటి?"

"గరుకు కాగితంతో రుద్ది, కొత్త బోల్టు వేయడం. పావుగంట."

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఆ పావుగంటలో వైపరు పడుకుంది, హారన్ ఎటు తిప్పినా మోగింది, రేడియో గొంతు విప్పింది. హెడ్‌లైట్లు దెబ్బ తినకుండానే వెలిగాయి. ఫ్యూజుల పెట్టె తెరిస్తే ఒక ఫ్యూజుకు బదులు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి ఉంది. మెకానిక్కు తల కొట్టుకున్నాడు. "వైరు మండిపోయినా ఇది తెగదమ్మా. పొగొచ్చాకే తెలుస్తుంది." అసలు ఫ్యూజు పెట్టాడు. వెనక చక్రం విప్పి బ్రేకు రబ్బర్లు మార్చి, కొత్త ఆయిల్ పోశాడు. నల్ల టేపు పీకితే కింద ఎర్రదీపం బుద్ధిగా ఆరిపోయి ఉంది. వెనక బెల్టు పట్టే చోట సన్న పుల్లతో కెలికితే నీలంరంగు గుండీ ఒకటి ఊడిపడింది. బడి యూనిఫాం గుండీ. టైలరమ్మ మూటలోంచి ఎప్పుడో జారిందే. అంటే ఈ పాపంలో కొంత వాటా ఆవిడదీ ఉంది. ఛీ అనుకుని గుండీని కొంగున కట్టుకుంది.

మొత్తం ఖర్చు ఆరు యూనిఫాంల కుట్టుకూలి. సీటు కవర్లకు అంతకు రెట్టింపు అయింది.

"తొమ్మిదేళ్ల కిందటే చెప్పానమ్మా మాస్టారికి, ఈ బోల్టు మార్చేద్దామని" అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ.

"ఏమన్నారు?"

"'వద్దులేవయ్యా, బాగుచేస్తే మా ఆవిడ తీసుకెళ్లిపోతుంది' అని నవ్వారు. నేనూ జోకనుకుని నవ్వేశాను."

టైలరమ్మ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. తొమ్మిదేళ్లు. అక్క పోయి ఆరేళ్లు. లెక్క ఇట్టే తేలిపోయింది. ముందు ఏడుపొచ్చింది, వెనకే ఒళ్లంతా మండిపోయేంత కోపమొచ్చింది. చేతకానిది తను కాదు. తనకు చేతకాకుండా చూసుకున్న మనిషి ఇంట్లో కూర్చుని ఉన్నాడు. పాత బోల్టును కాగితంలో పొట్లం కట్టించుకుంది.

ఇంటికొచ్చి పొట్లం ఆయన ముందు విప్పింది. "అక్క పోయిన రోజున షెడ్డులో ఉన్నది ఈ బోల్టేనా?"

మాస్టారు బోల్టును చూశాడు, ఆవిడను చూశాడు. "అదేదో నవ్వులాటకన్నానే."

"నవ్వండి మరి. నేను అక్కను చూడలేదు. మీరు నవ్వండి."

ఆయన నవ్వలేదు. తప్పయిందనీ అనలేదు. కట్టు కట్టిన చెయ్యి చాలా నొప్పిగా ఉందన్నాడు.

ఆరువారాలు టైలరమ్మే నడిపింది. మంగళవారాలూ శుక్రవారాలూ ఒక్కటీ తప్పలేదు. పిల్ల మోకాలు ముందు బెత్తెడు వంగింది, తర్వాత సగం, తర్వాత గొంతుక్కూర్చునేదాకా వచ్చింది. కొక్కేనికి తాళం మామూలుగానే వేలాడుతూ ఉంది. దాచడం ఆవిడ పద్ధతి కాదు.

ఏడోవారం మాస్టారి కట్టు విప్పారు. ఆయన చేతికీ వ్యాయామం కావాలన్నారు, అదే ఆస్పత్రిలో. మంగళవారం పొద్దున్నే ముస్తాబై, తాళం తీసుకుని, ముందుగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. టైలరమ్మ పక్కన కూర్చుంది. పిల్ల వెనక బెల్టు పెట్టుకుంది, టక్కుమంది.

కారు గేటు దాకా వచ్చింది. రోడ్డు మీద సైకిలొకటి కనబడింది. మాస్టారు అలవాటు కొద్దీ, రెండు తొక్కులు ఎలాగూ ఖాళీయే కదా అని బలంకొద్దీ తొక్కాడు. మొదటి తొక్కుకే కారు ఉన్నచోట కొయ్యబారిపోయింది. బెల్టు పెట్టుకోని ఆయన ముక్కు వెళ్లి తోలు తొడుగుకు కొట్టుకుంది. ఇంజను ఆగింది. ఆగినదాన్ని లేపడానికి, అదీ అలవాటే, డాష్‌బోర్డును ఒక్కటి గుద్దాడు, కొత్తగా అతికిన చేత్తో.

"అమ్మా!" అని అరిచి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "పాడుచేశాడే బండిని! ఆ మెకానిక్కు వెధవ సర్వనాశనం చేశాడు!" అన్నాడు.

"దిగండి" అంది టైలరమ్మ.

"ఎందుకు?"

"మీకు దీని కిటుకులు తెలీవు."

"కిటుకులా? ఇప్పుడు దీనికి కిటుకులే లేవు కదే!"

"అదే మీకు తెలీంది. దిగండి, పిల్లకు ఆలస్యమవుతోంది."

ముక్కు పట్టుకుని దిగాడు. ఆవిడ ఇటు జరిగి, సీటు ముందుకు లాక్కుని, బెల్టు పెట్టుకుని, తాళం తిప్పింది. మాస్టారు అటు తిరిగి వెళ్లి పక్క తలుపు పట్టుకు లాగాడు. లోపల గడియ వేసి ఉంది.

"ఏమే, మరి నేను?"

టైలరమ్మ అద్దం సగం దించింది.

"బస్సుంది కదండీ. రెండు మారాలి, అంతే" అని, రోడ్డుకు అటూ ఇటూ చూసుకుని, హారన్ కొట్టి, ఎడమకు తిప్పింది.