పొయ్యి దగ్గర ఆగిన దరఖాస్తు

ఈ రోజు కోరుట్ల నుంచి జగిత్యాలకు ఆటోలో బయలుదేరాను. నేను వంట చేసే అనాథ పిల్లల ఆశ్రమానికి స్వైన్ ఫ్లూ అత్యవసర సాయం అడుగుతూ ఆశ్రమం మేడం రాసిన దరఖాస్తు నా సంచిలో ఉంది. సాయంత్రంలోగా జగిత్యాల ఆఫీసులో అందితేనే జ్వరం పిల్లలకు వేరే గది, మందులు. ఇప్పుడు ముగ్గురు జ్వరంతో మిగతా పిల్లల పక్కనే పడుకుంటున్నారు.

దారిలో ప్రత్యేక తెలంగాణ కోసం వంటావార్పు చేస్తూ రోడ్డు ఆపేశారు. నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి, పెద్ద గంజులో అన్నం. గరిటె పట్టుకున్న ఒకామె ఆటోను ఆపింది. పోనివ్వమని దరఖాస్తు చూపించాను.

"అంబులెన్సయితే ఇడుస్తం అక్కా. కాయితాలకు తొవ్వ లేదు."

"గీ కాయితం పోకుంటే రేపు అంబులెన్సే వస్తది చెల్లె."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మొన్న కోరుట్లల పొయ్యి వెట్టి మా ఆటోను ఆపింది నువ్వే గదా? గప్పుడు నేను గిట్లనే బతిమాలిన."

నిజమే, నేనే. ఏం పని మీద పోతున్నావని ఆ రోజు ఆమెను అడగను కూడా లేదు.

నడిచిపోయేంత దగ్గర కాదు. పొయ్యి తీసేసరికి పొద్దు గూకింది. నాకూ విస్తరి వేశారు. పోయిన నెల ఇదే జ్వరంతో నా బిడ్డను తీసుకుపోయిన అంబులెన్స్‌కు అందరూ దారి ఇచ్చారు. అప్పటికే ఆలస్యమైంది.

తెలంగాణ నాకూ కావాలి. రేపు మళ్లీ కోరుట్లలో పొయ్యి పెడతారట, గరిటె నాకే ఇస్తారు. దరఖాస్తు ఇంకా సంచిలోనే ఉంది. మీరైతే ఏం చేస్తారు, ఆ గరిటె పట్టుకుంటారా?