ఏంజెల్ చేపల ఆఖరి గుడ్లు

ఇవాళ పొద్దున చాయ్ కూడా పెట్టుకోకుండా గాజు సీసా దగ్గరికి పోయి చూస్తే, పలక ముక్కకు అంటుకుని ఉన్న ఏంజెల్ చేప గుడ్లలో సగానికి పైగా తెల్లబడి, వాటి మీద దూదిలాంటి బూజు లేచింది. మా ఆయన పోయేనాటికి మిగిలింది ఒక్క జంట, అందులో మగచేప నిన్ననే చచ్చి నీళ్ళ మీద తేలింది. అంటే ఆయన చేపపిల్లల్నీ, వాటి పిల్లల్నీ పెంచుతూ ఇన్నేళ్ళు నిలబెట్టుకొచ్చిన సంతతికి ఈ గుడ్లే ఆఖరు.

నేను కాపురానికి వచ్చేనాటికే ఫలక్‌నుమాలోని ఆ రెండు గదుల ఇంట్లో కొత్తకోడలి బట్టలకు అల్మారా లేదు గాని, చేపలకు మాత్రం అద్దాల మేడలాంటి తొట్టి ఉండేది. కార్ఖానా నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే ఆయన దాని ముందు కూర్చునేవారు, నాకు మస్తు కోపం వచ్చేది. చేపలు మొదటిసారి గుడ్లు పెట్టినప్పుడు వాటి మీద తెల్లని నూగు చూసి మా అత్తగారు, పాపం, అదేదో పుండు అనుకుని, "పసుపేస్తే మానని పుండు ఉంటదా?" అంటూ చెంచాడు పసుపు తెచ్చి కలిపేసింది. నీళ్ళు పులిహోర రంగుకు తిరిగాయి, మంచి గుడ్డేదో చెడ్డదేదో కనబడక ఏరలేకపోయాం, మర్నాటికి అన్నీ ఒకే బూజు ముద్ద. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత చార్మినార్ దగ్గర గల్లీలో చేపలమ్మే చాచాను అడిగి అన్నీ నేర్చుకున్నారు. గుడ్లున్న పలకను తొట్టి నీళ్ళతోనే వేరే సీసాలోకి మార్చడం, నీళ్ళు లేత నీలంగా మారేదాకా బూజు పట్టకుండా నీలం మందు చుక్కలు వేయడం, గాలి గొట్టం గుడ్లకు తగలకుండా పక్కన పెట్టి నీళ్ళను ఆగకుండా కదిలించడం, తెల్లబడిన గుడ్డును వెంటనే సన్నని గొట్టంతో పీల్చి పారేయడం. నేను చూడలేక మొహం తిప్పుకుంటే, "తెల్లబడ్డదాన్ని చూసి జాలిపడకే, దాని మీద జాలిపడితే బూజు అంటి పక్కది పోతది," అనేవారు. పిల్లలు ఈదడం మొదలుపెట్టాయంటే చాలు, పక్కింటి ఖాలా మొదలు గల్లీ గల్లీ అంతా మా వాకిట్లోనే, ఒకటే లొల్లి.

ఇప్పుడు సంతోష్‌నగర్‌లోని ఈ అద్దె ఇంట్లో నేను మందూ వేశాను, గాలీ పెట్టాను, ఆయన చేసినట్టే అన్నీ చేశాను. ఏం లాభం? పొరలు కమ్మిన కళ్ళకు గుడ్లు అలుక్కుపోయినట్టు కనబడతాయి, ఒక చెడ్డదాన్ని తీయబోతే పక్కనున్న మంచివి కూడా గొట్టంలోకి వచ్చేశాయి. అయ్యో అయ్యో అని ఆ నీలం నీళ్ళలోకి చూస్తూ పెద్దగా ఏడ్చేశాను. సాయంత్రానికి ఒక్కటి కూడా మిగల్లేదు.

చెల్లెలికి ఫోన్ చేసి చెప్పుకుంటే, "చేపలే గద అక్కా, కొత్తవి కొనుక్కో, గిన్ని ఫికరెందుకు?" అంది. నా మంచికే అంది. ఈ రోజుల్లో గుడ్ల కోసం కాచుకుని కూర్చునే ఓపిక ఎవరికుంది, రంగురంగుల చేపలు సంచిలో కట్టి చేతికిస్తున్నారు, చస్తే మళ్ళీ ఇంకో సంచి. అప్పట్లో ఒక కాన్పు గుడ్లు పోతే ఇంటిల్లిపాదీ బాధపడేవాళ్ళం, మరుసటి కాన్పు కోసం ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడు ఎదురుచూడటానికి ఏమీ లేదు. ఆయన ఉన్నప్పుడు ఇంటికి ఎప్పుడొస్తారా అని కాచుకున్న ప్రాణాల్లో ఈ ఇంట్లో ఇక మిగిలింది ఆ ఆడచేపా, నేనూ.