కలలోకి రాని చలపతిరావు గారు

చలపతిరావు గారు ఇక లేరని ఆఫీసుకు ఫోన్ వచ్చింది. రుజువు లేనిదే ఏదీ నమ్మను నేను. ఆ ఒక్క వార్తకు మాత్రం రుజువు దొరకకపోతే బాగుండుననిపించింది. యూనివర్సిటీలో పాఠం ముగించి, పార్కింగ్ లాటులో కారెక్కి, స్టార్ట్ చేయకుండానే గుండె ఆగి పోయారట.

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో డాక్టర్లూ ఇంజనీర్లే ఎక్కువ. మధ్యయుగాల జపాను నాటకం బోధించి బతికింది ఆయనొక్కరే. ‘కలల ప్రొఫెసర్’ అని వెనక నవ్వుకునేవాళ్ళం. ‘నో’ అనే ఆ జపాను నాటకాల్లో ఊరూరా తిరిగే బౌద్ధ సన్యాసి ఒకచోట కునుకు తీస్తాడు. చనిపోయినవారెవరో అతని కలలోకి వచ్చి తీరని వ్యథ చెప్పుకుంటారు. అతను కదలకుండా కూర్చుని వింటాడు.

డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో ఒక శనివారం, విందు మధ్యలో ఆయనమీద విరుచుకుపడ్డాను. “బుద్ధుడు ఆత్మే లేదన్నాడు. మీ సన్యాసులు ఆయన్ని దయ్యాల పాలు చేశారు!”

“ముందు ఆ పప్పు తినవయ్యా, చల్లారిపోతోంది” అన్నారు. “చచ్చినవాడు రాడని నాకూ తెలుసు. బతికున్నవాడికి కల వస్తుంది కదా, దాన్నేం చేస్తావు?”

“మెదడు చేసే పని అంటాను.”

“రైట్. ఆ పనికి వాళ్ళొక స్టేజి కట్టారు. ఇంకేం ప్రాబ్లమ్ నీకు?”

ఆ వాదం ఏళ్ళ తరబడి సాగింది. ఆయన్ని ఓడించకుండా ఇంటికి పోకూడదని నా పంతం. నన్ను ఓడించాలని ఆయన ఏనాడూ అనుకోలేదు.

సంతాప సభలో ఒకరి తర్వాత ఒకరు, ఆయన కలలో కనిపించి దీవించారని చెప్పారు. ఈ మూఢత్వాన్ని కడిగేద్దామని లేచాను. పక్కనే ఉన్న ఆయన భార్య సరోజిని నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

“ఉండండి అన్నయ్యగారూ. అందరి డ్రీమ్స్‌లోకీ వస్తున్నారు. నా కల్లోకే రాలేదు. ఆ పొద్దున కార్ కీస్ కనపడలేదని ఆయన్ని విసుక్కున్నాను. ఆ కోపంతోనే పోయారా?”

“ఎవరూ ఎవరి కలలోకీ రారమ్మా. రావడమే లేనప్పుడు కోపమెక్కడిది?” అన్నాను. తిరుగులేని జవాబనుకున్నాను.

ఆమె నా చొక్కా చెయ్యి వదిలేసింది. “అంటే, ఇక ఎప్పటికీ రారన్నమాట.”

నేను కూర్చుండిపోయాను.

చలపతిరావు గారి వంటి పండితుడు మనకు మళ్ళీ దొరకడు. చనిపోయినవారు కలలోకి రారన్న నా మాటను వెనక్కు తీసుకోను. అయినా సరోజినికి ఒక్క కల రావాలని, అందులో ఆయన నవ్వుతూ కనిపించాలని కోరుకుంటున్నాను. ఒక్క నోట ఈ రెండు మాటలేమిటయ్యా అని నన్ను నిలదీయగల మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయనకే ఈ నివాళి రాయవలసి వచ్చింది.