చీటీ లేనిదే ఆకు లేదు

మా మేనత్తను సంతలో అందరూ చేదత్త అంటారు. అమ్మేది నేలవేము, తిప్పతీగ. నోరు వాటికంటే చేదు. చలిజ్వరంతో వణుకుతూ ఎవరొచ్చినా ఆకుకట్ట మీద చెయ్యి పడనివ్వదు. "రక్తపరీక్ష చీటీ ఏదీ?" అంటుంది. మలేరియా అని తేలితే ఆసుపత్రి మాత్రలు ముందు, కషాయం తర్వాత. తిట్టుకుంటూ పక్క కొట్టుకు పోయేవాళ్లే ఎక్కువ.

ఆకుల మీద ఆమెకు నమ్మకం లేక కాదు. ఒకప్పుడు మరీ ఎక్కువగా ఉండేది. మా మామయ్యకు జ్వరమొస్తే తొమ్మిది రోజులు తన చేత్తోనే కషాయం కాచి పోసింది. పదో రోజు ఆయన లేడు. ఈ సంగతి అత్త దాచదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంది.

ఆకుమందులు అమ్మేవాళ్ల సంఘానికి పెద్ద మా నాన్నే. ఒకరోజు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"అక్కా, చీటీ అడగడం మానెయ్. నీ మాటలకు జనం ఆకుమందంటేనే భయపడుతున్నారు, అందరి నోటికాడ కూడు పోతోంది. మానకపోతే సంతలో నీకు చోటుండదు."

"ఆ చోటు నువ్వే ఉంచుకో. నా ఇంట్లోంచి ఒక శవం లేచింది, చాలు. ఇంకో ఇంట్లోంచి లేవనివ్వను, పోరా!"

మర్నాడు ఆమె చోట ఎవరివో బస్తాలున్నాయి. అత్త బుట్ట నెత్తిన పెట్టుకుని, సరాసరి ఆసుపత్రిలో నేను పనిచేసే రక్తపరీక్ష గది ముందుకొచ్చి మెట్టు మీద కూర్చుంది. డాక్టరమ్మ లేవమంది.

"నీ దగ్గరికి జనాన్ని పంపేదే నేను. నన్నే లేపుతావా తల్లీ?" అంది అత్త. డాక్టరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం నాన్న దుప్పటి కప్పుకుని వచ్చాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. వారం నుంచి తన కషాయమే తాగుతున్నాడట, వేరే ఇంట్లో ఉంటున్న నాకు కబురు కూడా లేదు. నా వైపు చూడనైనా చూడకుండా అత్త బుట్ట దగ్గర కూలబడ్డాడు.

"నీ ఆకు చేదెక్కువ కదక్కా. ఒక్క కట్ట ఇవ్వు."

చాచిన చేతి మీద అత్త ఒక్కటేసింది. "చీటీ ఏదిరా?"

నేనే నాన్న వేలికి సూది గుచ్చాను. మలేరియా అని రాసిన చీటీ పట్టుకుని బయటికొచ్చాను. అత్తకు చదువు రాదు. నా మొహం చూసి లేచింది, తమ్ముడి చంక కింద చెయ్యి వేసి లేపింది.

"ఏడవకురా. మాత్రలిచ్చే కిటికీ అటు. నడు."

సంతకు పోయేవాళ్లంతా చూస్తుండగా సంఘం పెద్ద వరసలో నిలబడ్డాడు.