పెదనాయన ఊపిరి తీసుకునే చోటు

మొన్న తిరుచానూరులో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళికి వెళ్తే, అక్కడ వేణువు వాయించే అమ్మాయి పెదవులకు తగిలేంత దగ్గరగా మైకు పెట్టారు. ఆ పిల్ల అలా మెల్లగా ఊదితే చాలు, మండపమంతా నిండిపోతోంది. మా పెదనాయన ఉంటే ఈ సుఖం చూసి ఎంత కుళ్ళుకునేవారో అని నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి.

ఆయన తిరుపతిలో లెక్కల పంతులు. మైకులు లేని ఆ రోజుల్లో, మా వీధి మందిరంలో శనివారం భజనకు ఆయన వేణువే తోడు. నా పన్నెండో ఏట నాకు నేర్పడం మొదలుపెట్టి, రెండు నెలల దాకా వేణువు ముట్టుకోనివ్వలేదు. అరచెయ్యి మూతి ముందు పెట్టుకుని ఊదమనేవారు. గాలి పావలా బిళ్ళంత మేరే చల్లగా తగలాలి, చెదిరితే మళ్ళీ మొదటికి. వేణువు చేతికొచ్చాక కూడా పాట లేదు, ఒక్క షడ్జమే, అదీ పక్క గదిలో కునుకు తీసే మా నానమ్మ లేవనంత సన్నగా, వణకకుండా. వట్టి చాదస్తమనుకుని లోలోపల తిట్టుకునేదాన్ని.

అసలు సంగతి మా పెద్దమ్మ చెప్పింది. ఆయనకు ఆయాసం ముదిరింది, పొడవాటి స్వరాలు మధ్యలో తెగిపోతున్నాయి, అది బయటపడితే భజనవాళ్ళు ఇక మానుకోమంటారని ఆయన భయం. వేణువు మానితే ఈ మనిషి ఏమైపోతాడోనని ఆమె భయం. ఆయన ఊపిరి తీసుకునే చోట నేను అందుకోవాలి, అందుకే ఈ తంటాలన్నీ.

మొదటి శనివారమే చెడగొట్టాను. ఆయన ఆగగానే, నేనూ ఒకదాన్ని ఉన్నానని అందరికీ తెలియాలన్న ఉబలాటంతో బలంగా ఊదేశాను, స్వరం పై స్థాయికి ఎగిరి కీచుమంది. పాడేవాళ్ళు ఆగి ఇటు తిరిగారు, ఆయన దగ్గు అందరికీ వినిపించింది. ఇంటికొచ్చే దారి పొడుగునా ఏడ్చాను. ఆయన తిట్టలేదు.

"ఏడవొద్దు పాపా. నువ్వు ఈడ ఉండావని నాకొక్కడికి తెలిస్తే సాలు" అన్నారు.

మరుసటి శనివారం ఆయన భుజం కొంచెం లేవడం కనిపెట్టి, ఆయన స్వరం ఇంకా ఉండగానే నాది మెల్లగా దాని కిందికి చేర్చాను. ఆయన ఊపిరి తీసుకుని మళ్ళీ వచ్చారు, నేను తప్పుకున్నాను. ఒక్కరూ తల తిప్పలేదు, ఒక్కరూ మెచ్చుకోలేదు. ఆయన మాత్రం ప్రసాదం పులిహోరలో తన వంతు కూడా నా ఆకులో వేసేశారు. అలా నాలుగేళ్ళు, ఆయన పోయేదాకా, ఏ శనివారమూ తప్పలేదు.

అప్పట్లో ఒకరి పాట సాగాలంటే పక్కన ఇంకొకరు కూర్చునేవారు, ఇప్పుడు ఎవరి పాట వాళ్ళది. ఈ మధ్య నాకూ ఆయాసం పట్టుకుంది. పొద్దున్నే ఒక్కదాన్నే షడ్జం పట్టుకుంటాను, సగంలోనే ఊపిరి చాలక ఆపుతాను. ఆపిన ప్రతిసారీ, ఎవరూ లేరని తెలిసీ, పక్కన ఎవరైనా అందుకుంటారేమోనని ఒక్క క్షణం చెవి పెడతాను.