నిలబెట్టిన పేరుపలక

విజ్మా పలికిన "నేను"లలో చాలావరకు ఆమెవి కావు. లక్సెంబర్గ్‌లో యూరప్ దేశాల మంత్రులు కూర్చునే హాలుకు పైన, మా లాట్వియా భాషకు ఒక గాజుగది ఉంది. అందులో మేమిద్దరం వంతులవారీగా అనువదించేవాళ్లం. కింద ఏ మంత్రయినా "నేను ఒప్పుకోను" అంటే, విజ్మా కూడా "నేను ఒప్పుకోను" అనాలి. సొంతమాట ఒక్కటీ కలపకూడదు.

"ఇంట్లో మొగుడితోనైనా నీ మాట చెబుతావటే?" అని ఏడిపించేదాన్ని.

"ఆయన వింటేగా!" అనేది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మాటల అడుగున సముద్రం వినిపిస్తుందని చెప్పేది. నేను తీసుకుని వింటే ఏమీ ఉండేది కాదు. వాళ్ల నాన్న పడవలో చేపల వేటకు వెళ్లి తిరిగిరాని ఏడాది మొదలైందట ఆ హోరు. వాళ్ల ఊరి తీరంలో ఇప్పుడు మిగిలింది తమ్ముడు జింటిస్ పడవ ఒక్కటే, దాన్నీ అమ్మేద్దామనుకుంటున్నాడట.

ఆ అక్టోబరు మధ్యాహ్నం భవనాన్ని పొగమంచు మింగేసింది. లోపల బాల్టిక్ సముద్రంలో ఏ దేశం ఎన్ని చేపలు పట్టాలన్న వాటాల చర్చ. చిన్న పడవల హెర్రింగ్ చేపల వేట ఆపేయాలన్నది చివరి అంశం. కాదంటానని మా మంత్రి తీరంలోని జాలర్లకు మాటిచ్చి వచ్చాడు. ఎవరైనా మాట్లాడాలంటే బల్ల మీద అడ్డంగా ఉన్న తమ దేశం పేరుపలకను నిలువుగా నిలబెట్టాలి. ఒకటి లేస్తే పక్కవాళ్లవీ లేస్తాయి, బేరం మొదలవుతుంది. ఏదీ లేవకపోతే అందరూ సరేనన్నట్టే.

"అభ్యంతరాలున్నాయా?" అధ్యక్షురాలు అడిగింది.

విజ్మా ఆ ప్రశ్నను మా భాషలో మంత్రి చెవికి అందించి మైకు ఆపింది. ఎర్రదీపం ఆరింది. ఆయన ఫోనులో తల దూర్చి ఉన్నాడు. పలక అడ్డంగానే ఉంది.

"ఇంకోసారి చెప్పవే!" అన్నాను.

"ఆవిడ ఒక్కసారే అడిగింది." విజ్మా మైకు మీట ముట్టుకోలేదు.

కింద మంత్రి ఉలిక్కిపడ్డాడు. చెవి పట్టుకుని మా గాజుగది వైపు చూశాడు. మా వైపు కాదు, మా ఇద్దరి వెనక, కాస్త పైకి. చూపు తిప్పకుండానే తడుముకుంటూ పలక నిలబెట్టాడు. పక్కనే మరొకటి లేచింది, ఆపైన ఇంకొకటి. సాయంత్రానికల్లా చిన్న పడవలకు మినహాయింపు దొరికింది.

సమావేశం ముగిశాక ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"మీ గదిలో ఆ ముసలాయన ఎవరమ్మా?"

"మేమిద్దరమేనండీ."

"'ఒరే అబ్బాయ్, పలక లేపరా!' అని చెవిలో కేకేశాడు. అచ్చం తీరం యాస."

ఆయన వెళ్లాక విజ్మా తమ్ముడికి ఫోను చేసి, "పడవ అమ్మకురా" అని మాత్రం చెప్పింది. తర్వాత హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఖాళీ హాలు వైపు తిరిగి కూర్చుంది.

"హోరు ఉందా?" అడిగాను.

తల అడ్డంగా ఊపింది. మెల్లగా మైకు మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

"నాన్నా," అంది, "నేను."