చాట్రాయికి వెళ్లిన టెలిగ్రాం

మా అన్న చనిపోయాడని మాకు చెప్పిన మనిషి ఆ చావును చూడలేదు. అతను కువైట్‌లో అన్నతో కొన్నాళ్లు ఒకే గదిలో ఉండి, తరువాత వేరే క్యాంపుకు మారిన తాపీమేస్త్రీ. సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి చెప్పాడు.

“పరంజా మీంచి పడ్డాడని విన్నానండి.”

మా వదిన గుమ్మంలో నిలబడి ఉంది. “విన్నారా, చూశారా?” అని అడిగింది.

“విన్నానమ్మా. నాకప్పటికే వేరే చోట పని.”

“ఎవరు చెప్పారు?”

“అందరూ అనుకున్నారు.”

“అందరూ అనుకున్నదానికి నేను బొట్టు తియ్యను,” అని లోపలికి వెళ్లిపోయింది.

ఇది ఎనభైల నడుమ జరిగిన సంగతి. అప్పటికే అన్న ఉత్తరాలు ఆగిపోయి చాలా నెలలైంది. ఆ మేస్త్రీ వచ్చి వెళ్లాక మా ఇంటి సంగతి మరీ అధ్వాన్నమైంది. వదినను పేరంటాలకు పిలవడం మానేశారు. అలాగని పలకరించడానికీ ఎవరూ రాలేదు. ఆమె రోజూ బొట్టు పెట్టుకుని తోట పనికి వెళ్లేది, వచ్చేది. దారిలో ఎదురైన ఆడవాళ్లు ఆమె ముఖం చూడాలో వద్దో తెలియక పక్కకు తిరిగేవాళ్లు. ఆమెకు కావలసింది ఒక్కటే. తన భర్త పోయాడని, ఆయన పేరుతో, తెలిసిన వాళ్లెవరైనా చెప్పాలి.

చిక్కంతా పేరు దగ్గరే వచ్చింది. అన్న తన పేరుతో వెళ్లలేదు.

నూజివీడులో మామిడికాయ ఎగుమతి చేసే ఒక వర్తకుడు ఆ రోజుల్లో గల్ఫుకు మనుషులను కూడా పంపేవాడు. బొంబాయిలో పళ్లు దింపే చోట అతనికి ఏజెంట్లతో పరిచయమైంది. ఎవరికో పాస్‌పోర్టూ వీసా వచ్చాక ఆ మనిషి ఆఖరి నిమిషంలో వెళ్లనన్నాడట. కోసిన కాయను కొంటానన్నవాడు వెనక్కి తగ్గితే అదే రోజు ఇంకొకడికి అమ్మేయాలి. వర్తకుడికి తెలిసిన పద్ధతి అది. వీసా గడువు దాటకముందే ఆ పాస్‌పోర్టులో ఫోటో మార్పించి మా అన్నను పంపాడు.

మాకది మోసంగా తోచలేదు. ఇప్పుడు చదివేవాళ్లకు వింతగా ఉండొచ్చు. మా వైపు కాగితం మీది పేరూ, పని చేసే మనిషీ ఒకరే కావాలని ఎవరూ అనుకోరు. తోట కౌలు ఒకడి పేరున ఉంటుంది, కాపు ఇంకొకడు కోసుకుంటాడు. పొలం ఎప్పుడో పోయిన తాత పేరునే ఉంటుంది. కరెంటు మీటరు ఇల్లు అమ్ముకుని వెళ్లినవాడి పేరున నడుస్తూ ఉంటుంది. తోట చేతులు మారినట్టే మా అన్న ఆ పేరులోకి మారాడు. “పేరుదేముందిరా, కష్టం నాది, కూలి నాది,” అన్నాడు బస్సెక్కేముందు.

అన్న ఉత్తరాలకు కవరు వెనక పాస్‌పోర్టులోని ఆ రెండో పేరు ఉండేది, ఇంటిపేరుతో సహా. లోపల తన సంతకమే ఉండేది. ఆ పేరుగలవాడిది ఏ ఊరో మాకు తెలియదు. మేస్త్రీ చెప్పి వెళ్లాక నేను వర్తకుడి కొట్టుకు వెళ్లాను. అతను కూర్చున్న చోటు నుంచి కదలకుండా, “నాకేం తెలుసు బాబూ, నేను కాయలు అమ్ముకునేవాణ్ణి,” అన్నాడు.

నేను గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఎవరికి ఎలా రాయాలో తెలుసు. అన్న అసలు పేరు రాసి ఢిల్లీకి అర్జీ పెట్టాను. ఆ పేరుగల వ్యక్తి దేశం విడిచి వెళ్లినట్టు దాఖలా లేదని జవాబు వచ్చింది. దేశం విడవని మనిషి పరదేశంలో చనిపోలేడు. రెండో పేరు రాసి మళ్లీ అడగడానికి మా నాన్న ఒప్పుకోలేదు. అన్న బతికే ఉంటే, దొంగ పాస్‌పోర్టని తేలి అక్కడ జైల్లో వేస్తారని ఆయన భయం. ఆ భయంలో కొంచెం ఆశ కూడా ఉంది కాబట్టి నేను గట్టిగా వాదించలేకపోయాను.

ఆ మరుసటి వేసవిలో హైదరాబాదు నుంచి ఒక పరిశోధకుడు మా గ్రంథాలయానికి వచ్చాడు. పాత పేపర్లు అడిగి, రెండు రోజులు మాట్లాడకుండా చదువుకున్నాడు. మూడో రోజు తన పని చెప్పాడు. సరైన కాగితాలు లేకుండా దేశాలు దాటే మనుషుల గురించి, వాళ్లను ప్రభుత్వాలు ఎలా అదుపు చేస్తాయన్నదాని గురించి రాస్తున్నాడు. అక్రమ వలస అన్న మాట తను వాడనన్నాడు.

“కొత్త చట్టం వచ్చాక చదువు లేనివాళ్లు వెళ్లాలంటే ప్రత్యేకంగా అనుమతి ముద్ర కావాలండీ. వాళ్ల మేలు కోరే పెట్టారు. ఆ ముద్ర దొరకడం కష్టమయ్యేసరికి ఏజెంట్ల దగ్గర రద్దీ పెరిగింది. దాన్ని ఆపడానికి తనిఖీలు పెంచారు. తనిఖీలు పెరిగితే ఏజెంట్ల రేటు పెరిగింది.”

అతను తెచ్చుకున్న పుస్తకాలు అడిగి చదివాను. వాటిలో మా అన్నలాంటి వాళ్లు వేలల్లో ఉన్నారు. చనిపోయిన వాళ్ల గురించి తక్కువ ఉంది. మా ఇంటి సంగతి నేనతనికి చెప్పలేదు. ఊళ్లలో ప్యాంటు వేసుకుని ప్రశ్నలు అడిగేవాణ్ణి సీఐడీ అనుకుంటున్నారని, తోడు రమ్మని అడిగితే వెళ్లాను. అలా తిరుగుతూ ఒక రోజు చాట్రాయి చేరాం.

తోటలో కోత జరుగుతోంది. షెడ్డులో ఆడవాళ్లు గంపల అడుగున ఎండుగడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. మగవాళ్లు అన్నాలు తిని నీడన కూర్చున్నారు. గల్ఫు వెళ్లి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పరిశోధకుడు అడిగాడు.

“వెళ్లొచ్చినోళ్లు లేరు గానీ సార్, చచ్చి వచ్చినోడున్నాడు,” అన్నాడొకడు. అందరూ నవ్వారు. ముప్పయ్యేళ్ల మనిషిని ముందుకు తోశారు. “చెప్పరా నీ చావు సంగతి. సారు రాసుకుంటారు.”

అతనికి ఆ కథ చెప్పడం అలవాటేనని తెలుస్తూనే ఉంది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మొదలుపెట్టాడు.

“నిరుడు ఇదే తోటలో నన్ను కాకి తన్నిందండి. పైన గూడు పెట్టింది, నేను చూసుకోలేదు. కాయ కొయ్యడానికి చిక్కం ఎత్తాను, టపీమని నెత్తి మీద తన్నింది.”

మా వైపు కాకి తల మీద తంతే ప్రాణగండమని నమ్ముతారు. గండం పోవాలంటే ఆ మనిషి చనిపోయాడని అతని సొంతవాళ్లకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమని నమ్మి ఏడవాలి. ఏడిస్తే చావు తన పని అయిపోయిందనుకుని వెళ్లిపోతుందట.

“వీళ్లు మా ఇంటికి కబురు పంపుతామన్నారు. వద్దురా, మా అమ్మ గుండాగి చస్తదిరా అన్నాను. వింటారా! నాలుగు రోజులు పోయాక సాయంత్రం సైకిలేసుకుని ఇంటికెళ్తే వీధి నిండా జనం. మా అమ్మ మట్టిలో పడి ఏడుస్తంది. నన్ను చూసి లేచి చీపురు తీసుకుంది.”

“వాడి పెళ్లాం మాత్రం ఏడవలేదండి,” అని ఎవరో అందించారు.

“నోర్ముయ్ రా.”

“కబురు తెచ్చిందెవరు?” అని పరిశోధకుడు అడిగాడు.

“మనిషి కాదండి, టెలిగ్రాం! కాకి తన్నినోడికి టెలిగ్రాం! కలెక్టరు పోయినా అంత మర్యాద జరగదు.”

“ఎవరు పంపారు?”

“అదే తేలలేదండి. వాడు వీడంటాడు, వీడు వాడంటాడు. అంత ఖర్చు పెట్టే దాత ఎవడో ఇప్పటికీ ఒప్పుకోట్లేదు.”

“అందులో ఏం రాసుంది?”

“నేను చూళ్లేదండి. చావు కాగితం ఇంట్లో ఉంచరు గదా, మా అమ్మ అప్పుడే పొయ్యిలో పెట్టేసింది. ఇంగ్లీషులో చాలా ఉందంట. పోయాడన్న ముక్క, నా పేరు మాత్రం పోస్టుమేన్ చదివి చెప్పాడంట.”

పరిశోధకుడు నవ్వుతూనే, “ఇంతకీ మీ పేరు?” అన్నాడు.

అతను చెప్పాడు, ఇంటిపేరుతో సహా. ఆ పేరు నేను కవర్ల వెనక చదివినదే. ఆ మనిషి ఇంకా ఉన్నాడు కాబట్టి ఇక్కడ రాయను.

“మీరెప్పుడైనా పాస్‌పోర్టు చేయించుకున్నారా?” అని నేను అడిగాను.

అతని ముఖం మారింది. “మీకెవరు చెప్పారు?” అన్నాడు. ఎవరూ సాయం రాకపోయేసరికి తనే అన్నాడు, “మా అమ్మ వెళ్లొద్దని అన్నం మానేసిందండి. తిరిగిచ్చేశాను. దాన్ని వాళ్లేం చేసుకున్నారో నాకు తెలీదు. ఒట్టు.”

“దాని మీద మా అన్న వెళ్లాడు,” అన్నాను.

మగవాళ్లందరికీ ఒక్కసారే అర్థం కాలేదు. షెడ్డులో ఒకావిడ ఇంకా సైకిలూ చీపురూ తలుచుకుని నవ్వుతోంది. పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచింది.

తిరుగు బస్సులో పరిశోధకుడు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. మిగతాది చెప్పమని నేనే అడిగాను. అతనికి తెలిసినంత చెప్పాడు. పనివాడు పోతే కంపెనీ ఎంబసీకి చెబుతుంది. పాస్‌పోర్టులో ఉన్న అడ్రసుకు టెలిగ్రాం వెళుతుంది. శవాన్ని పంపాలా, అక్కడే పూడ్చాలా అని అందులో అడుగుతారు. జవాబు రాకపోతే కొన్నాళ్లు చూసి పూడ్చేస్తారు.

“ఏ పేరుతో?”

“పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనేనండీ.”

చాట్రాయి మనిషి కలెక్టరు ఆఫీసులో వాంగ్మూలం ఇస్తే మా అన్న పేరున మరణం నమోదు చేయమని అడగవచ్చన్నాడు. ఇస్తే అతని మీద కేసు అవుతుందని కూడా చెప్పాడు.

“మీరు రాయబోయేదాంట్లో ఇది ఉంటుందా?”

“ఉంటుంది. పేర్లుండవు. ఎవరి పేరూ బయటపెట్టనని మాటిచ్చే ఊళ్లలోకి వచ్చాను. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చెందిన ఒక కూలీ అని రాస్తాను.”

అతను మంచివాడు. అంతకంటే ఏమీ చేయలేనని దాచకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం వదినకు మొత్తం చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ విన్నది. చేట కింద పెట్టింది. “అయితే ఆయన పేరు ఎక్కడా రాదన్నమాట,” అంది. తరువాత, “ఆ మనిషిని నేను చూడాలి,” అంది.

మేం వెళ్లేసరికి అతను ఇంటి దగ్గరే ఉన్నాడు. వదినను చూసి వసారా స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. అతని తల్లి చాప పరిచింది. బోసి నుదురు, తెల్లబడిన జుట్టు. కొడుకు ఆమెకు అప్పటికే చెప్పి ఉన్నాడు.

“నీ మీద నాకు కోపం లేదన్నయ్యా,” అంది వదిన. “పోయింది నేను కాదు, ఆయన అని ఆఫీసులో ఒక్క ముక్క చెప్పు.”

“పట్టుకుపోతారు చెల్లెమ్మా. ముగ్గురు పిల్లలు. వాళ్ల లెక్కలో నేను పోయినోణ్ణయితే అలాగే ఉండనివ్వు. నాకేం కావాలి, ఓటు పోతే పోద్ది.”

వదిన ఇంకోసారి అడగలేదు. అతను పెరట్లోకి వెళ్లిపోయాడు. నేను ఏదో అనబోతే వదిన చెయ్యి ఎత్తి ఆపింది. ముసలామె వైపు తిరిగింది.

“ఆ టెలిగ్రాం వచ్చిందేరోజు పెద్దమ్మా?”

“ఏరువాక పున్నానికి ముందు మంగళవారం. మంగళవారం పూట ఇదేం కబురు దేవుడా అనుకున్నా.”

“నువ్వు నిజంగానే ఏడ్చావా?”

“అదేంటి తల్లీ, కొడుకు పోయాడంటే ఉత్తుత్తినే ఏడుస్తారా? జుట్టు విరబోసుకుని, నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చాను. వీధి వీధంతా ఏడ్చింది. పాడెకి వెదుళ్లు కొట్టుకురమ్మని మనిషిని కూడా పంపారు.”

“ఎంతసేపేడ్చావు?”

“వాడి సైకిలు బెల్లు వినపడిందాకా.”

వదిన తల ఊపింది. తరువాత వదిన లేచి, నూతి దగ్గరకు దారి ఎటని అడిగింది. ఆమె ఎందుకు అడిగిందో నాకంటే ముందు ముసలామెకు తెలిసింది.

“ఇక్కడ ఎందుకమ్మా, మీ ఇంటి దగ్గర మీవాళ్ల మధ్య,” అంది.

“వాళ్లెవరూ ఏడవలేదు పెద్దమ్మా.”

ముసలామె చెంబు తీసుకుని ముందు నడిచింది. నేను చాప మీదే కూర్చున్నాను. చేద నూతిలోకి దిగిన చప్పుడు వినిపించింది. గాజులు పగిలిన చప్పుడు, తరువాత ఒక గొంతు, కాసేపటికి రెండో గొంతు. తిరిగి వచ్చేటప్పుడు వదిన నుదురు తడిగా ఉంది. ముసలామె ఆమె భుజం పట్టుకుని నడిపిస్తోంది.

ఆ మనిషి బస్సు దాకా వచ్చాడు. బస్సు ఆలస్యమైంది. దూరంగా నిలబడ్డాడు, వెళ్లిపోలేదు.

మర్నాడు పొద్దున్నుంచి మా ఇంటికి జనం రావడం మొదలైంది. ఉంగుటూరు నుంచి వదిన పుట్టింటివాళ్లు వచ్చారు. ఎప్పుడు పోయాడని అడిగినవాళ్లకు, నిరుడు ఏరువాక పున్నమికి ముందు మంగళవారం అని నేను చెప్పాను. ఎలా అని అడిగినప్పుడు మా నాన్న నా ముఖం చూశాడు. “పరంజా మీంచి పడి,” అని వదినే చెప్పింది.